దుప్పట్లు మడతపెట్టే పిల్ల

"ప్రార్థన చేసే ప్రేమమ్మ ఆంటీ నెంబరేనా ఇది?"

ప్రేమమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఫోను చెవికి ఆనించుకుంది. ఎవరో ఆడపిల్ల. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయినట్టుంది.

"ప్రార్థనలు బంద్ చేసిన బిడ్డా. వేరేటోళ్లకు చేసుకో."

"ఎవ్వరు ఎత్తుతలేరు ఆంటీ. మీరొక్కరే ఎత్తిన్రు."

పాల్మాకుల క్రైస్తవ మందిరంలో గొలుసు ప్రార్థన జరుగుతుంది. గంటకొకరు చొప్పున, ఒకరి తర్వాత ఒకరు, కష్టంలో ఉన్నవాళ్ల కోసం మోకరిస్తారు. బాధ చెప్పుకోవాలనుకునే వాళ్ల కోసం ఆ ఆడవాళ్ల ఫోన్ నెంబర్లు మందిరం గోడ మీద రాసి ఉంటాయి. ప్రేమమ్మ ఆ గొలుసు నుంచి ఎప్పుడో తెగిపోయింది. కొడుకు ప్రిన్స్ ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బండి జారి చనిపోయినప్పటి నుంచి ఆమె మోకరించలేదు, గడప దాటలేదు. అన్నం కూడా మెల్లమెల్లగా మానేస్తోంది. ఎవరి కోసం వండాలి? ఎందుకు లేవాలి? ఇట్లాగే పడుకుని, ఒకరోజు ఇక లేవకపోతే చాలుననుకుంటోంది.

"ఏమైందే నీకు?" అంది విసుగ్గా.

"ఏం కాలే. గదే నా బాధ. నా పేరు జవేరియా. మామిడిపల్లి దగ్గర లాండ్రీల చేస్త. విమానాల్లో కప్పుకునే దుప్పట్లు ఉతకనీకి వస్తయి. నేను మడతపెట్టి కవర్ల ఏస్త. నేను లేకున్నా ఇంకెవరో మడతపెడ్తరు. మరి నేనెందుకు బతకాలె ఆంటీ?"

ప్రేమమ్మ లేచి కూర్చుంది. అది తన ప్రశ్నే. ఇంకొకరి నోట వింటే అంత భయం వేస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"పిచ్చి మాటలు మాట్లాడకు. తిన్నవా?"

"లే. మీరు తిన్నరా?"

ప్రేమమ్మ తడబడింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఇప్పుడు తింట. నువ్వు గూడ తిను. రేపు ఫోన్ చెయ్యి. చెయ్యకుంటే ఊకోను చూడు."

ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది.

సాయంత్రం భర్త మార్కు డ్యూటీ నుంచి వచ్చాడు. విమానాల సామాన్లు ఎయిర్‌పోర్టు నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి మోసే వ్యాను నడుపుతాడు. కొడుకును సమాధి చేసిన మూడో రోజే డ్యూటీకి పోయిన మనిషి. ప్రిన్స్ పేరెత్తడు. కంట తడి పెట్టడు. రాగానే గిన్నెల మూతలు తీసి చూస్తాడు. ఆ రోజూ చూశాడు.

"పప్పు చేసినవా?"

"కడుపు తప్ప ఇంకో రంది లేదా నీకు?"

మార్కు పెట్టుకుని తిన్నాడు. రాయి, అనుకుంది ప్రేమమ్మ. ఇలాంటి మనిషికి ఆ పిల్ల సంగతి ఎందుకు చెప్పాలి? చెప్పలేదు.

ఫోన్ మాత్రం రోజూ వచ్చేది.

"ఏం కూర ఆంటీ?"

"వంకాయ."

"మళ్లా వంకాయేనా? జర బయటికి పోయి వేరేది తెచ్చుకోరాదు?"

"నాకు చెప్పొచ్చినవ్ గని, నువ్వేం తిన్నవ్?"

"బిస్కెట్లు."

"బిస్కెట్లు తిని దుప్పట్లు దులుపుతవా? ఎగిరి పడ్తవ్ పిల్లా!"

ఆ పిల్ల నవ్వబోయి ఆపుకున్నట్టనిపించింది. వెంటనే మళ్లీ అదే ఏడుపు గొంతు. "ఎవరెవరో కప్పుకుంటరు. నా పేరు ఒక్కరికన్న ఎరుకనా?"

"ఆకాశంల చలికి వణికేటోనికి నీ పేరెందుకే? దుప్పటి కావాలె."

అనేశాక ప్రేమమ్మకే ఆశ్చర్యమేసింది. అయితే ఫోన్ పెట్టేయగానే ఇల్లు మళ్లీ ఎండిన బావిలా అయిపోయేది. చిలక్కొయ్యకు ప్రిన్స్ చొక్కా అట్లాగే వేలాడుతుండేది. ఆమె మళ్లీ గోడవైపు తిరిగేది. రేపు ఆ పిల్ల ఫోన్ చేస్తుంది, ఎత్తాలి. ఆమెను ఈ లోకానికి కట్టి ఉంచిన దారం అదొక్కటే.

ఒకరోజు ఫోన్ రాలేదు.

తనే చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. 'కన్నకొడుకును కాపాడుకోలేదు. ఫోన్లో చేయి పట్టుకున్న పిల్లను కూడా వదిలేశానా?' ముఖం కూడా కడుక్కోకుండా గడప దాటి ఆటోకు చేయెత్తింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఆటో నడిపే ఒవైస్.

"మామిడిపల్లి. దుప్పట్లు ఉతికే లాండ్రీ. జల్ది పో నాయనా."

"ఎవరికన్న బాగలేదా?"

"నా బిడ్డకు."

ఆటో ఎయిర్‌పోర్టు రోడ్డెక్కింది. ప్రిన్స్ పడిపోయిన మలుపు వచ్చింది. ఇన్నాళ్లూ ఈ మలుపు చూస్తే గుండె ఆగిపోతుందనుకుంది. కానీ ఇప్పుడు ఆమె కళ్లు ముందున్న లారీ మీదే ఉన్నాయి.

"హారన్ కొట్టరాదు, అడ్డం నిలబడ్డది!"

లాండ్రీ వెనక రేకుల కింద ఆడపిల్లలు వరుసగా కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ప్రేమమ్మ వాళ్ల ముందుకెళ్లి నిలబడింది. ఏం వినాల్సి వస్తుందో.

"ఇక్కడ... జవేరియా అని..."

ఒక పిల్ల తల ఎత్తింది. బుగ్గ నిండా అన్నం. పక్క పిల్ల ఏదో అన్నట్టుంది, ఇంకా పకపకా నవ్వుతూనే ఉంది.

"నేనే. ఎవరు మీరు?"

ఆ గొంతులో బొంగురు లేదు. ఏడుపు లేదు.

"నేను ప్రేమమ్మను. ఫోన్ రాకపోతే... నువ్వు బతికే ఉన్నవా తల్లీ?"

జవేరియా ముఖంలో నవ్వు ఆరిపోయింది. డబ్బా పక్కన పెట్టి లేచి నిలబడి, ఎంగిలి చెయ్యి వెనక దాచుకుంది.

"పొద్దుగాల ఫోన్ నీళ్ల బకెట్ల పడ్డది ఆంటీ, అల్లా కసం." నేల చూపులు చూస్తూ గొంతు తగ్గించింది. "తను చెప్పినట్టు ఫోన్ చెయ్యలేదని మార్కు అంకుల్ కోపానికొచ్చిండా?"