ఐదో పాట

“ఫార్వర్డ్ నొక్కు, అన్నయ్యా. ఐదో పాట నువ్వు చెరిపేశావుగా,” అంది చెల్లెలు.

అన్నకు ఒళ్లు మండింది. “ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నా, నేను కాదని!”

నాన్న పోయాక ఆయన అల్మరా సర్దుతుంటే దొరికింది, చిన్నప్పటి హాస్యపాటల క్యాసెట్. అది పెడితే చాలు, “ఆపండా గోల!” అని కసిరేవాడు నాన్న. ఒకరోజు మాత్రం, “ఐదో పాట చెరిపిందెవడ్రా?” అంటూ అన్న చెంప వాయించాడు. అప్పట్నుంచీ నాలుగో పాట కాగానే ఫార్వర్డ్ నొక్కడం పిల్లలకు అలవాటైపోయింది.

ఇప్పుడా బటన్ పనిచేయలేదు. “దిక్కుమాలిన డబ్బా!” అని అన్న టేప్‌రికార్డర్‌కు ఒక్కటిచ్చాడు.

గరగరల్లోంచి నాన్న గొంతు వినిపించింది. “ఇదేంటి, పాట రాదే?”

కాసేపాగి ఆయనే అందుకున్నాడు. శ్రుతి లేదు, తాళం లేదు. నవ్వించే చరణం రాకముందే తనే పగలబడి నవ్వాడు.

“అయ్యయ్యో, ఎర్రది, రికార్డింగ్ బటన్ కూడా నొక్కేశానా!”

టక్కున ఆగింది.

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. “మళ్లీ పెట్టన్నయ్యా.”

అన్న చెంప తడుముకున్నాడు. “తెలిసీ కొట్టాడే! ఇప్పుడెవరితో పోట్లాడను?”