చున్నీ ముడి

"అమ్మా, వదులు! నాన్న పిలుస్తున్నాడు!"

ఆరేళ్ల లాస్య ఎంత గింజుకున్నా ప్రశాంతి వినలేదు. లైఫ్ జాకెట్ మీదుగా కూతురి నడుముకు చున్నీ చుట్టి, రెండో కొసను పడవ అడ్డుకర్రకు ముడి మీద ముడి వేసి బిగించింది.

రెండు దోనెలు జతచేసి పైన పలకలు పరిచిన పడవ అది. మధ్యాహ్నం దాకా నది మీద షికారు, ఈత, పడవలోనే భోజనం. బచేలి నుంచి ఇంత దూరం ఇందుకే తీసుకొచ్చిన ఉపేంద్ర అప్పుడే దూకి, జాకెట్‌తో తేలుతూ పెళ్లాం మీదికి నీళ్లు చిమ్ముతున్నాడు.

పడవలో వంటచేసే సోమక్క చేపల పులుసు కలుపుతూ గరిటె ఆపింది.

"ఏందమ్మా, పిల్లను కట్టేసినవ్?"

"జారిపడితేనో?"

"పడవే బోర్లపడితేనో?"

ప్రశాంతి చున్నీ వదిలి సోమక్క వైపు తిరిగింది. సోమక్క గరిటెతో ఒడ్డును చూపించింది.

"సంతకు మేకల్ని గిట్లనే దాటిస్తం. పడవెక్కంగనే పలుపులు ఇప్పేస్తం. ఇడిసిన మేక ఈదుకుంట ఒడ్డుకొస్తది. కట్టేసింది పడవతోనే పోతది."

ప్రశాంతి ముడి మీదికి వంగింది. తడిసి బిగుసుకుపోయింది. గోళ్లు విరిగినా రాలేదు. చివరికి పళ్లతో పీకితే వదిలింది.

దబ్బున నీళ్లలోకి దూకి పైకి తేలిన లాస్య ముక్కు తుడుచుకుంటూ కేకేసింది. "అమ్మా, నువ్వూ రా!"

ఈత రాని ప్రశాంతి నీళ్లకేసి చూసింది. చున్నీని సోమక్క ఒళ్లో పడేసింది.

"అక్కా, నాక్కూడా ఓ జాకెట్ ఇవ్వవా?"