కోట లేని డ్యూకు

విక్టోరియా కాలపు ప్రేమ నవలల్ని ఇప్పుడెవరూ చదవడం లేదు, చుట్టూ ఉన్నదాన్ని నవలలా మార్చి చూపించే కళ్లద్దాలు పెట్టుకుని వాటిలోనే కాపురాలు చేస్తున్నారు. మా ఆవిడ సుభాషిణి అద్దాల్లో మా రెండు గదుల ఇల్లు కోట, వంకాయలు తరిగే నేను డ్యూకు దొరని.

"నాకు కోటా లేదు, కోటూ లేదు. ఆ దొరలో ఏముందోయ్?" అన్నాను.

తన అద్దాలు నాకు పెట్టింది. నిలువుటద్దంలో చూసుకున్నాను. కోటు తప్ప అంతా నేనే, అదే బట్టతల, అదే బొజ్జ.

"మరి తేడా ఏంటి?"

"మీరు 'తిన్నావా' అని అడిగి వెళ్లిపోతారండీ. ఆయన నేను చెప్పేదాకా నిలబడతాడు."

మా ముప్ఫై ఏళ్ల కాపురం గుర్తొచ్చింది. అద్దాలు తీసిచ్చి, "తిన్నావా సుభా?" అని అడిగి, కదలకుండా నిలబడ్డాను.

జవాబు చెప్పడానికి ఆవిడ ముందు అద్దాలు పెట్టుకుంది.