గిజిగాడి కంప్యూటర్

గూళ్ల నమూనాలు గీసే గిజిగాడు కంప్యూటర్ కొందామని నక్క కొట్టుకు వెళ్లాడు. "పెద్ద టవర్ కంప్యూటర్ చూపించు. ఒక్కో బొమ్మలో వేల గడ్డిపోచలు గీయాలి," అన్నాడు.

నక్క నవ్వింది. "పిట్టంత వాడివి, నీకెందుకు టవర్? ఈ మినీ కంప్యూటర్ అయితే గూట్లో ఇమిడిపోతుంది," అంటూ అంటగట్టింది.

మొదటి బొమ్మ సగంలోనే మినీ వేడెక్కి ఆగిపోయింది. గిజిగాడు మండిపడుతూ మినీని పట్టుకుని కొట్టుకు తిరిగొచ్చేసరికి, పాటలు వినడానికి కంప్యూటర్ అడిగిన ఏనుగుకు నక్క టవర్ అమ్ముతోంది.

"నా గూడు చిన్నదైతే నా పనీ చిన్నదేనా? ఒళ్లు చూసి అమ్ముతావా?" అని నిలదీశాడు.

ఏనుగు తొండంతో మినీని అందుకుంది. "పాటలకు నాకిది చాలు తమ్ముడూ. ఆ టవర్‌ను నీ చెట్టు కింద నేనే దించి వస్తాను," అంది.