ఎనిమిది వేళ్ళ పని

బెలీజ్ తీరాన మా ఊళ్ళో రాత్రి మూడంటే లండన్‌లో పొద్దున తొమ్మిది. నా మీటింగ్ వేళ.

"ఏం నెల్డా, పనిచేస్తున్నావా, ఊయలూగుతున్నావా?" మా బాస్ హెడ్లీ రోజూ వేసే వెటకారమే.

తెర మీద ఎప్పుడూ ఐదు ముఖాలు. ఆ రాత్రి ఆరోది వచ్చింది. పెద్ద టోపీ పెట్టుకున్న పొట్టి ముసలాయన. ఆయన వెనక ఊగుతున్న పసుపు ఊయల మా వరండాలోదే. ఆయన అరచెయ్యి ఎత్తాడు. బొటనవేలు లేదు.

మంచం మీంచి అమ్మమ్మ తెర చూసి గుసగుసలాడింది. "తాతా దువెందె! అడవి మరుగుజ్జు దెయ్యమే! బొటనవేళ్ళు దాచెయ్యవే, కనబడితే పీక్కుపోతాడు."

"టైపు చెయ్యాలి అమ్మమ్మా!"

"మిగతా ఎనిమిదీ ఎందుకున్నాయే?"

బొటనవేళ్ళు అరచేతుల్లో ముడిచి, ఎనిమిది వేళ్ళతోనే రిపోర్టు పూర్తిచేశాను. ఆయన రెప్ప వెయ్యలేదు. బయట ఊయల కిర్రుమంటూనే ఉంది. రిపోర్టు పంపి, నాలుగు వేళ్ళ చెయ్యి ఆయన ముఖాన గర్వంగా ఊపాను. ఆయన టోపీ తీసి తల వంచాడు.

"గెలిచావే నా తల్లీ!" అంది అమ్మమ్మ.

"అదరగొట్టావు నెల్డా!" హెడ్లీ నవ్వుతూ రెండు బొటనవేళ్ళూ పైకెత్తి చూపించాడు.

ముసలాయన మెల్లగా హెడ్లీ బొటనవేళ్ళ వైపు తిరిగాడు. వరండాలో ఊయల ఆగిపోయింది.