ముందు గుక్క, తర్వాత క్లచ్చి

మూడో మలుపులో వెనక చక్రాలు మళ్లీ కీచుమన్నాయి. హిమబిందు స్టీరింగు బిగించి పట్టుకునే లోపే కారు అడ్డం తిరిగి, ట్రాక్ పక్క ఎర్రమట్టిలోకి దిగి ఆగిపోయింది.

పక్క సీట్లోని కోచ్ ప్రదీప్‌కుమార్ హెల్మెట్ తీశాడు.

"నాలుగో గేరు నుంచి మూడుకు దిగేటప్పుడు ఏం చేయాల?"

"కాలి ముందుభాగం బ్రేకు మీదే ఉంచి, మడమతో ఆక్సిలేటరు తట్టాల సార్."

"నోటితో గేరు బాగానే దించుతాండావు. ఆ మాట కాలికి చెప్పు." ఆయన చేతిలోని కాగితం చూసుకున్నాడు. "మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం. ఆరుగురిలో ఒక్కరే కోయంబత్తూరు రేసు శిక్షణకు పోయేది. ఇట్లయితే నీ పేరు కొట్టేస్తా."

హిమబిందు తల వంచుకుని రేకుల షెడ్డు కిందికి వచ్చింది. అక్కడ శిల్ప చల్లటి సీసా బుగ్గకు ఆనించుకుని కూర్చుని ఉంది. కర్నూలులో వాళ్లకు మూడు బట్టల షాపులు. పొద్దున పెద్ద కారులో దిగింది.

"నీ వెనకాలే వచ్చినాయప్ప ఎవరు?" అంది శిల్ప. "తలనిండా ముగ్గుపిండి చల్లుకున్నట్టుండాడు."

"మా డ్రైవరు."

ఆ మాట ఎలా వచ్చిందో హిమబిందుకే తెలియదు. వెనక్కి తిరిగితే, నాలుగడుగుల దూరంలో, నీళ్ల సీసా పట్టుకుని తిరుమలయ్య నిలబడి ఉన్నాడు. ఆమె తండ్రి.

తిరుమలయ్య మంగంపేట గనుల్లో ముగ్గురాయి టిప్పరు తోలుతాడు. ఎన్నిసార్లు తలంటుకున్నా ఆ తెల్లపొడి చెవుల వెనక నుంచి పోదు. పొద్దున ఒంటిమిట్ట దాటించి కూతుర్ని ఈ ట్రాక్‌కు తీసుకొచ్చింది కూడా ఆ టిప్పరులోనే. గేటుకు అర కిలోమీటరు ముందే బండి ఆపి, చెవి గోక్కుంటూ, "ఈడ నీడ ఉండాది, ఈడే పెడతా" అన్నాడు. అక్కడ ఒక్క తుమ్మచెట్టు కూడా లేదు. గేటు దగ్గర పుస్తకంలో పేర్లు రాయమంటే, "నువ్వు పో పాపా, నేను రాసొస్తా" అన్నాడు. ఇద్దరూ కలిసి లోపలికి నడిచే పని తప్పిందని హిమబిందు గబగబా ముందుకు పోయింది.

ఇప్పుడు ఆయన సీసా చాచాడు.

"నీళ్లు, మేడం."

హిమబిందు పుట్టినప్పటి నుంచి పాపా తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు అది. విన్నాడు. అంతా విన్నాడు. ఆమె సీసా అందుకుని, మూత తీయకుండానే పక్కన పెట్టింది.

"మేడం, ఒక మాట చెప్తా. ఏమనుకోవద్దు." ఆయన నేలచూపులు చూస్తూ అన్నాడు. "మీరు క్లచ్చి ఇడిసినాక ఆక్సిలేటరు ఇస్తాండారు. అప్పటికే చక్రం గుంజుకుంటాది. క్లచ్చి తొక్కి ఉన్నప్పుడే ఇంజనుకు ఒక గుక్క తాపించల్ల. చక్రం ఎంత పరుగు మీద ఉండాదో ఇంజనూ అంతకు ఎక్కిరావల్ల. ముందు గుక్క, తర్వాత క్లచ్చి. బ్రేకు మీద బరువు మాత్రం తగ్గకూడదు."

"ఏమప్పా, మా కోచ్ ఉద్యోగం ఊడగొట్టేట్టుండావే" అని శిల్ప నవ్వింది.

"లేదు మేడం. లారీల కాడ నేర్చుకున్న ముక్క."

నాయనా అని పిలవడానికి హిమబిందు నోరు తెరిచింది. శిల్ప చూస్తోంది. నోరు మూసుకుంది.

మధ్యాహ్నం మళ్లీ మూడో మలుపు వచ్చింది. బ్రేకు. క్లచ్చి. మడమతో ఒక్క తట్టు. ఇంజను గుక్క మింగి గుర్రుమంది. గేరు చప్పుడు లేకుండా పోయి కూర్చుంది. కారు గీత గీసినట్టు మలుపు తిరిగింది. ఆ గుర్రు ఆమెకు కొత్తది కాదు. చిన్నప్పుడు సెలవుల్లో, గని వాలులో దిగే టిప్పరు కేబిన్‌లో నిద్రపోతూ విన్నదే.

కారు దిగాక ప్రదీప్‌కుమార్ ఆమె పాదాల వైపు చూశాడు.

"ఒక్క పూటలో ఎవరు నేర్పినారమ్మా?"

కంచె దగ్గరున్న తిరుమలయ్య, ఆ ప్రశ్న తనకే తగిలినట్టు, నీళ్ల ట్యాంకరు వెనక్కి తప్పుకున్నాడు.

"వీడియోలు చూసినా సార్" అంది హిమబిందు.

కోచ్ ఆమె పేరు పక్కన టిక్కు పెట్టాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె చెవులు కాలిపోయాయి. పొద్దున నోరు జారింది. ఇప్పుడు జారలేదు, తెలిసే చెప్పింది.

సాయంత్రం గేటు వైపు నడుస్తూ ఇక ఆగలేకపోయింది.

"నాయనా, పొద్దున శిల్పతో నేనొక మాట అన్యా. నీకు ఇనపడిందా?"

"ఆ కార్ల రొదలో యాడ ఇనపడుతుంది పాపా? ఏమన్యావు?"

హిమబిందు ఆయన చేతుల వైపు చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన చెవి గోక్కుంటాడు. చేతులు కదల్లేదు. నిజంగానే వినలేదు. ఆమెకు ఊపిరి ఆడింది.

"మరి నన్ను మేడం అని ఎందుకు పిలిచినావు?"

ఆయన చెయ్యి మెల్లగా చెవి మీదికి పోయింది. "ఆడ అందరూ అట్నే పిల్చుకుంటాండారు కదా."

గేటు దగ్గర వాచ్‌మన్ వీరభద్ర పుస్తకం ముందుకు తోశాడు. "పోయే టైము రాయి పాపా, ఇద్దరిదీ."

హిమబిందు పెన్ను అందుకుని పొద్దుటి పేజీ తిప్పింది. ఏడున్నరకు తన పేరు. దాని కింద తిరుమలయ్య పేరు, ఆయన గుండ్రటి అక్షరాల్లోనే. ఆ పక్కన ‘ఏమవుతారు’ అనే గడి.

అందులో ఆయనే రాసుకున్నాడు: ‘డ్రైవరు’.