మరొకడు

"ఆ చేయి నాకివ్వకు" అన్నాడు సెప్టిమస్ క్రౌథర్, కర్పూరం మూటగట్టిన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ. "డబ్బుకు ఆడిన చేయి. అంటురోగం."

ఈనాక్ లంబ్ చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. ఉన్ని మిల్లులో రంగుల తొట్ల దగ్గర పనిచేసే చేయి. మణికట్టు దాకా నీలం.

ఇన్‌ఫ్లుయెంజా ఏడాది నుంచీ క్రౌథర్ గారు కర్పూరం లేనిదే గడప దాటడు. జబ్బు క్రాగ్‌లీ ఊరిని వదిలి ఏళ్ళయింది, ఆయన మాత్రం కర్పూరాన్ని వదల్లేదు. ఇప్పుడది లీగు రోగానికి మందట. కొండ మీది క్లబ్బులో పదిహేను మంది చిల్లిగవ్వ పుచ్చుకోకుండా ఆడితే అది పెద్దమనుషుల రగ్బీ. కింద కాలవ ఒడ్డున పదముగ్గురు కూలి పుచ్చుకుని ఆడితే అది లీగు. ఒక్కసారి కిందికి దిగినవాడికి మళ్ళీ పైకి దారి లేదు, చచ్చేదాకా. తమ ఆటగాడు ఈనాక్‌కి ఆ తీర్పు చెప్పడానికే ఈవేళ కొండ క్లబ్బు కమిటీ కూర్చుంది. కమ్మటి టీ తాగడం తప్ప మరే పనీ చేతకాదు కనకే దానికి కమిటీ అని పేరు.

"పోయిన శనివారం కాలవ క్లబ్బు తరఫున ఆడిన 'మరొకడు' నువ్వే కదూ?" అడిగాడు క్రౌథర్.

లీగు వాళ్ళు కొత్తవాణ్ణి పరీక్షకు దింపినప్పుడు పట్టీలో అసలు పేరు వేయరు, 'మరొకడు' అని వేస్తారు. పేరు లేకపోతే పాపం లేదని.

"నేనేనండీ. ఎలా ఉంటుందో చూద్దామని ఒక్క మ్యాచ్ ఆడాను. పెన్నీ పుచ్చుకోలేదు. సంతకం పెట్టమంటే పెట్టనన్నాను. వచ్చేవారం ఇంగ్లండు జట్టుకి ఎంపిక ఉంది. నాకదే కావాలండీ."

"విన్నారా, ఒక్క మ్యాచేనట! మ్యాచ్ కాదయ్యా, మచ్చ. సబ్బుకు పోదు."

"మీకెలా తెలిసిందండీ? మా నాన్నకి కూడా చెప్పలేదు."

"పాపం పొగలాంటిది. మూత పెడితే మూతికే తగుల్తుంది."

అధ్యక్షుడు నీళ్ళకు బదులు టీ నమిలాడు. "కుర్రాడు సంతకం పెట్టలేదంటున్నాడు కదా క్రౌథర్, మందలించి వదిలేస్తే..."

"మూడేళ్ళలో నలుగుర్ని పట్టిచ్చాను. నలుగురూ ఇలాగే ఏడ్చారు, అమాయకులమన్నారు. ఇప్పుడెక్కడున్నారు? కాలవ ఒడ్డునే! తప్పుడు వెధవలు కాకపోతే అక్కడే ఎందుకు తేలతారండీ?"

మరెక్కడ తేలతారని ఎవరూ అడగలేదు. అంతలో బిస్కట్లు వచ్చాయి. బిస్కట్టు విరిగినంత తేలిగ్గా వేటు పడింది.

కొండ మీది మైదానం చూసుకునే ముసలాడు జోసయా ఈనాక్ తండ్రి. క్రౌథర్ అతన్ని గేటు దగ్గరికి పిలిచాడు. "నీ కొడుకు మళ్ళీ లోపల కనిపిస్తే నీ పని కూడా ఊడుతుంది, జోసయా."

జోసయా గేటు వేశాడు. కొడుకు మొహం చూడలేదు.

వారం తిరక్కముందే ఈనాక్ కాలవ గట్టు దిగాడు. లీగు క్లబ్బు కార్యదర్శి ఆల్ఫ్ మిడ్‌గ్లీ పాత మాట ఎత్తలేదు, పాత రేటూ ఎత్తలేదు. మొదట ఇస్తానన్నదాంట్లో పావువంతు బల్ల మీద పెట్టాడు. ఇంకో గుమ్మం లేనివాడు బేరమాడలేడు.

ఆపైన పదకొండేళ్ళు వారమంతా రంగుల తొట్టి, శనివారం బురద తొట్టి. ముక్కు విరిగింది, పేరు నిలిచింది. లీగు వాళ్ళ ఇంగ్లండు చొక్కా తొడుక్కున్నాడు, ఓడెక్కి ఆస్ట్రేలియా దాకా పోయి ఆడొచ్చాడు. కొండ మీద మాత్రం, గోడకున్న పాత జట్టు ఫొటోలో అతని మొహం మీద కాగితం ముక్క అతికించారు. పెద్దమనుషులు కదా, జిగురుకు కూడా లెక్క చూసుకోలేదు. జోసయా, కొడుకు ఆట మళ్ళీ చూడకుండానే పోయాడు. స్మశానంలో క్లబ్బు పెద్దలు ఈనాక్‌కు దూరంగా నిలబడ్డారు. అందరికంటే దూరంగా కర్పూరం రుమాలు నిలబడింది.

చివరి ఆట ఆడిన సాయంత్రం, ఆవిరి నిండిన స్నానాల గదిలోకి మిడ్‌గ్లీ బీరు పట్టుకుని వచ్చాడు.

"నీకు గడియారం ఇద్దామనుకుంటున్నాం, ఏమంటావోయ్?"

"వద్దు ఆల్ఫ్. నా ఒంట్లో ముళ్ళు చాలానే ఉన్నాయి. ఒక్క కోరిక. ప్రతి లీగు క్లబ్బుకీ ఆటగాళ్ళతో పాటు ఓ వేటగాడుంటాడు కదా, పైవాళ్ళలో పనికొచ్చేవాణ్ణి వాసన పట్టి, తలకింతని పుచ్చుకుని చెప్పేవాడు. పేరు పొక్కితే కాలవలో ముంచుతారని మీరు చెప్పరు. కన్నతండ్రి నా మొహాన గేటు వేసిన రోజుల్లో నన్ను కావాలన్నవాడు ఆయనొక్కడే. ఆ చేయి ఓసారి పట్టుకోవాలి."

"అడుగుతావని తెలుసు, ఇవాళ రమ్మన్నాను. ఆయనా ముసలాడయ్యాడు, ఇక దాపరికం దేనికి? నీ మీద ఎంత నమ్మకమో తెలుసా ఆయనకి? నువ్వు సంతకం పెట్టనన్నప్పుడు మేం రేటు పెంచబోతే ఆపాడు. 'ఆగండి, కుర్రాడు తనే వస్తాడు' అన్నాడు."

"అంత నమ్మకమా నా మీద!" అన్నాడు ఈనాక్.

వెనక మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. ఈనాక్ గబగబా తొట్టి మీదికి వంగి సబ్బు తీసుకున్నాడు. పదకొండేళ్ళ కిందట ఒకడు ముట్టుకోనన్న చేయి ఇది. మంచివాడి చేతికి మరక అంటకూడదని గోళ్ళ సందుల్లో నీలం పోయేదాకా రుద్దాడు.

వెనక తలుపు తెరుచుకుంది.

"ఇదిగో, వచ్చారు!" అన్నాడు మిడ్‌గ్లీ.

ఈనాక్ తడి చేయి చాచి, నవ్వుతూ ఇటు తిరగబోయాడు.

కర్పూరం వాసన గుప్పుమంది.